నల్లమలలో తాడు పట్టిన బావమరిది

ఇది రాయక తప్పని కారణం

నేను నల్లమల నుంచి తిరిగి వచ్చేసరికి నా ప్రయాణం నాకంటే ముందే మోత్కూరు చేరింది. బస్సు దిగి ఇంటికి పోయి నేను కాళ్లు కడుక్కునే లోపు, నా వెంట వచ్చిన నా భార్య తమ్ముడు సత్తయ్య హోటలు బెంచీ మీద కూర్చుని రెండు ఎలుగుబంట్లను తరిమేశాడు. మరునాటికి వాటితో ఒక చిరుతపులి చేరింది. వారం తిరిగేసరికి నేను చెట్టెక్కి ఏడుస్తున్నట్టు, అతను కింద నిలబడి ధైర్యం చెబుతున్నట్టు మా వీధి పిల్లలు ఆట కట్టారు. నా వేషం వేసినవాడు బాగా ఏడ్చాడని పెద్దలు కూడా మెచ్చుకున్నారు.

అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మరో కారణం కూడా ఉంది. మా గ్రంథాలయంలో యాత్రల అలమరాను అట్టలు ఊడినవాటితో సహా నేను పూర్తిగా చదివాను. కాశీకి పోయినవారంతా పండాల చేతిలో మోసపోయారు, అంతా ఆ సంగతి గర్వంగా రాసుకున్నారు. లండనుకు పోయినవారు అక్కడ చలి అని కనిపెట్టారు. హిమాలయాలకు పోయినవారికి దారి పొడుగునా సాధువులు ఎదురై, తెలుగు రాకపోయినా తెలుగులోనే ఉపదేశించారు. మా జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న కొండల మీదికి పోయి వచ్చి రాసినవారు మాత్రం ఒక్కరూ లేరు. దగ్గరి కొండ ఎక్కితే పుణ్యం రాదు, పేరు కూడా రాదు.

కృతజ్ఞతలు చివర పెడితే ఎవరూ చదవరు కనుక ఆ పని ఇక్కడే ముగిస్తాను. గ్రంథాలయం చూసుకునే రంగయ్య గారికి: అడవుల పటం ఇంటికి ఇవ్వకూడదనే నియమం ఉన్నందున, నేను దాన్ని మడత పెడుతున్నంతసేపు ఆయన కిటికీ బయటికి చూశారు. అచ్చంపేట హోటలు బాలయ్యకు: కొండెక్కినవాళ్లు తిరిగి రారని చెప్పి, ఆ కారణంగానే ఫలహారం డబ్బు ముందు తీసుకున్నాడు. ఇంట్లో చోటిచ్చిన చెంచు దంపతులు ఈదన్న, లింగమ్మలకు. లింగమ్మ తమ్ముడు గురువయ్యకు. ఆయన సంగతి ముందు ముందు వస్తుంది. చివరగా సత్తయ్యకు: దారి మొత్తానికని వాళ్ల అక్క కట్టిచ్చిన సకినాలను మొదటి బస్సులోనే ముగించి నా మూట బరువు తగ్గించినందుకు.

అచ్చంపేట

మా నేత సంఘానికి నూలు రాక మగ్గాలు ఆగిన రోజులవి. మగ్గం ఆగిన నేతగాడికి సంఘం అరుగు మీద కూర్చుని నూలు పంపనివాళ్లను తిట్టడం ఒక పని. ఆ పని మావాళ్లు నేను లేకుండానే బాగా చేయగలరని తోచి, నేను నల్లమల పటం తీసుకుని బయలుదేరాను. ఒంటరిగా పోతే దారి తప్పుతానని నా భార్య తన తమ్ముణ్ని తోడిచ్చింది. సత్తయ్య నల్లగొండలో ఒక కచేరీలో గుమాస్తా. సెలవు పెట్టి, గొడుగు, టిఫిను క్యారియరు, కొత్త చెప్పులతో దిగాడు. అడవికి గొడుగెందుకంటే, "ఎండ అడవిల గూడ ఉంటది బావా" అన్నాడు. గుమాస్తాలు ఆధారం లేకుండా మాట్లాడరు.

అచ్చంపేటలో పది నయాపైసలకు చాయ ఇచ్చారు. అందులో పాలున్నట్టు బాలయ్య చెప్పాడు. పెద్దమనిషి మాట కాదనడం ఎందుకని తాగాం. పూరీలతో ఇచ్చిన కారం మాత్రం అసలైనది. దాని సంగతి సత్తయ్య మన్ననూరు దాకా కళ్లు తుడుచుకుంటూ గుర్తు చేసుకున్నాడు.

మన్ననూరు

అడవి మొదట్లో ఒక చెక్‌పోస్టు, దాని ముందు కుర్చీ, కుర్చీలో ఒక గార్డు ఉన్నారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి.

"ఎక్కడికండీ వెళుతున్నారు?"

"గుట్టమీదికి పోతున్నం," అన్నాడు సత్తయ్య.

"ఏం పని మీద?"

"పనేం లేదు. చూస్తానికి."

"చూట్టానికా! ఏముందండీ అక్కడ? రాళ్లు, చెట్లు, చెంచులు. నేనొచ్చి రెండేళ్లయింది, ఒక్కసారైనా పైకెళ్లబుద్ధి కాలేదు."

అడవిని కాపాడటానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. చూడనివాడు దాన్ని పాడు చేయలేడు గదా.

"మీ మాట సగం అర్థం కావటం లేదండీ. అది తెలుగేనా?" అన్నాడాయన, పేర్లు రాసుకుంటూ.

"మీకు సమజ్ కాకపోతే జర ఉర్దూల చెప్పాల్నా సార్?" అన్నాడు సత్తయ్య ఎంతో వినయంగా.

ఆయన పోనిచ్చారు. ప్రయాణం మొత్తంలో నేను సత్తయ్యను మనసారా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఎక్కుడు దారి

హిమాలయాల పుస్తకాల్లో మంచు, లోయ, ఊపిరాడకపోవడం ఉంటాయి. ఇక్కడ మంచు తప్ప మిగతా రెండూ ఉన్నాయి. మంచుకు బదులు వేసవి ఎండకు కాలిన రాయి ఉంది. దారి అన్నది పటంలో ఎర్రటి గీత. నేల మీద అది కొన్నిచోట్ల ఎండిన వాగు, కొన్నిచోట్ల వెదురు పొద, ఒకచోట నిటారుగా నిలబడ్డ బండ. ఈ కొండమీదికి ఒకప్పుడు నవాబులు వేటకు వచ్చేవారట. వాళ్లను మోసిన బోయీలు యాత్రాకథలు రాయలేదు, లేకుంటే మా అలమరాలో మంచి పుస్తకం చేరి ఉండేది.

సగం ఎక్కాక సత్తయ్య గొడుగు వెదురు కొమ్మకు చిక్కింది. దాన్ని లాగబోయి కాలు జారాడు. ఒక చెప్పు లోయలోకి పోయింది. అది పడిన చప్పుడు కోసం ఇద్దరం చాలాసేపు చెవులప్పగించి నిలబడ్డాం.

"బావా, దిగి తెద్దామా?"

"తెద్దాం. ముందు నువ్వు దూకు."

మిగిలిన చెప్పును పారేయమంటే ఒప్పుకోలేదు, టిఫిను క్యారియరులో పెట్టుకున్నాడు. అందులో తినేవి ఎటూ లేవు.

పైకి చేరి వెనక్కి చూస్తే, ఆ లోయ అడుగున కృష్ణ ఒక్క పోగులా మెరుస్తూ కనబడింది. ఒకటే పోగు, ఎక్కడా తెగలేదు, ముడి లేదు. నూలు లేక ఊళ్లో మగ్గం ఆపుకుని వచ్చినవాణ్ని, కళ్లతోనే దాని పొడుగు కొలుస్తూ నిలబడ్డాను. సత్తయ్య మాట్లాడాడు. "మంచినీళ్లు అంత దూరంల పెట్టిండ్రు," అన్నాడు.

ఈదన్న పెంట

మా మోత్కూరులో పెంట అంటే పేడ వేసే చోటు. ఇక్కడ చెంచుల ఊళ్లను పెంటలంటారు. ఈ సంగతి తెలిశాక సత్తయ్య, "ఇంటికి పోయినంక ఎక్కడ పండుకున్నవని అక్క అడిగితే ఏం చెప్పాలె?" అని దిగులుపడ్డాడు.

గుండ్రటి గుడిసెలు, చుట్టూ వెదురు బద్దల తడికలు, పైన గడ్డి. తడిక దగ్గర నిలబడి వేలుతో తట్టి చూశాను. పడుగు నిలువు, పేక అడ్డం, మా అల్లికే. మేం నేసింది రెండేళ్లకు చిరుగుతుంది, ఇది వానల్ని ఆపుతుంది. ఆ సంగతి మా సంఘంలో చెప్పకపోవడమే మంచిది.

మా వైపు ఇంటికి కొత్తవాడు వస్తే మొదట పేరడుగుతారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత కులం, తర్వాత ఎవరి అల్లుడని. ఇవన్నీ తేలాక, పొద్దుపోయింది గనక తినిపోతారా అని అడుగుతారు, వద్దంటారనే నమ్మకంతో. ఇక్కడ ఈదన్న మమ్మల్ని చూసి, "తిన్నరా?" అన్నాడు. లేదన్నాం. అంతటితో విచారణ ముగిసింది. ఆయన భార్య లింగమ్మ నిప్పుల్లో కాల్చిన అడవి గడ్డలు, జొన్న రవ్వ కాచిన గటక పెట్టింది. గడ్డలకు మట్టి వాసన, కొంచెం తీపి. సత్తయ్య ఉప్పు అడిగాడు. అది అయిపోయి చాలా రోజులైందట. ఉప్పు లేకుండా అతను నాలుగు గడ్డలు తిన్నాడు, ప్రతి గడ్డకూ ఉప్పు లేదని చెబుతూ.

ఆ ఇంట్లో ఉప్పుతో పాటు జొన్నలు కూడా అడుగంటాయని లింగమ్మ కుండ గోకిన చప్పుడుతో తెలిసింది. వానలు పడి కొత్త గడ్డలు ఊరేదాకా వాళ్లకున్న ఆధారం ఒక్కటే. పెంటకు పడమర ఉన్న పెద్ద బండకు వేలాడే తేనెపట్లు. తేనె దింపి కిందికి తీసుకుపోతే బదులుగా గింజలు వస్తాయి. వాన మొదలైతే ఈగలు తేనె తాగేసి లేచిపోతాయి. అప్పటికే పడమర మబ్బులు పడుతున్నాయి.

"మరి దింపరాదె?" అన్నాను.

"తాడు పట్టేటోడు అలిగిండు," అన్నాడు ఈదన్న.

బండ అంచు నుంచి మనిషి తాడు మీద వేలాడుతూ దిగాలి. పైన ఆ తాడు పట్టేవాడు వాళ్ల పద్ధతిలో ఒక్కడే: భార్య అన్నో తమ్ముడో. సొంత తమ్ముడికి కూడా ఇవ్వరు. ఎందుకని అడిగితే లింగమ్మ చాలా మామూలుగా చెప్పింది:

"మొగని తమ్ముడు తాడిడిస్తే వానికేం పోతది? అన్న వాటా గూడ వానిదే. నా తమ్ముడు ఇడిస్తే నేను పోయి వాని ఇంట్ల కూసుంట. బతికినన్ని దినాలు వాడే సాకాలె. గందుకే ఇడువడు."

మా గ్రంథాలయంలో న్యాయశాస్త్రం పుస్తకాలు మూడున్నాయి. మూడింటిలోనూ మనిషి ప్రాణానికి ఇంత గట్టి పూచీ నేను చదవలేదు. మా వైపు పెళ్లాం తమ్ముడికి పెళ్లిలో పప్పు పలచగా ఉందని చెప్పడం తప్ప వేరే బాధ్యత లేదు.

నేను ఊరుకోకుండా, "మగ్గం నేసిన చేతులు. నేను పడతా," అన్నాను.

లింగమ్మ నవ్వింది. "నువ్వు నాకు అన్నవా? నా మొగడు పడిపోతే నన్ను మోత్కూరుకు తోల్కపోతవా? మీ ఇంటామె ఒప్పుకుంటదా?"

నేను తాడు సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆమె సత్తయ్యను చూపించింది. "గీయన నీకేమైతడన్నా?"

"నా పెండ్లాం తమ్ముడు."

"మంచిగున్నది. ఎంట తెచ్చుకున్నవ్. నీకేం ఫికర్?"

సత్తయ్య అప్పుడు వేడి గడ్డ ఊదుకుంటున్నాడు. "నాకు చేతులు నొస్తయక్కా," అన్నాడు, ఎవరూ ఏమీ అడగకముందే.

ఎగువ పెంట

అలిగిన మనిషి పేరు గురువయ్య. ఉండేది కొండ మీద ఇంకో మెట్టు పైన. అలకకు కారణం ఒక కుక్కపిల్ల. గురువయ్య కుక్క దిగి వచ్చి ఈదన్న వాకిట్లో ఈనింది. తల్లి నాది గనక పిల్లలు నావని గురువయ్య, నా వాకిట్లో నా గటక తాగి పెరిగాయి గనక నావని ఈదన్న. మిగతా పిల్లలను పంచుకున్నారు గానీ, చెవులు నిక్కబొడుచుకున్న ఒకదాని దగ్గర మాట పెరిగింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మా ఊళ్లో గట్టు తగాదాలకు వకీళ్లను పెట్టుకుని తాతల నాటి నుంచి తిరుగుతున్నారు. ఇక్కడ వకీళ్లు లేనందువల్ల తొందరగా ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు.

"రేపు పొద్దుగూకంగ దిగుత. ఎవడు పట్టినా సరే. నా తమ్మునికిస్త తాడు," అన్నాడు ఈదన్న. లింగమ్మ తెల్లారగానే కొంగు నడుముకు చుట్టి పైకి బయలుదేరింది. నేను చూడాలనుకున్న దారి కూడా అదే గనక వెంట పోయాను. సత్తయ్య ఒంటి చెప్పుతో రాలేనని, గొడుగుకు కాపలా ఉన్నాడు.

ఆమె నడకను నేను అందుకోలేదు. తునికి చెట్టు కనబడిన చోటల్లా ఆగి నాలుగు పండ్లు కోసి నా చేతిలో పెట్టేది. అవి తినేలోపు నేను మళ్లీ ఆమెను చేరుకోవాలని లెక్క. తునికి పండు తియ్యగా ఉంటుంది గానీ నాలుక మొద్దుబారుతుంది. ప్రశ్నలు అడగకుండా చేయడానికే ఇచ్చిందేమోనని తర్వాత అనుమానం వచ్చింది.

గురువయ్య వాకిట్లో బాణం కర్రను నిప్పు మీద వేడి చేసి సాపు చేస్తున్నాడు. సన్నటి మనిషి, దవడ ఎముకలు గట్టివి. అక్కను చూసి లేచాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ కూర్చుని కర్ర మీదే చూపు పెట్టాడు.

"పట్టు నిండింది తమ్మీ. మబ్బులు చూస్తున్నవ్ గద."

"నీ మొగన్ని కుక్కపిల్లను పంపుమను. వస్త."

"కుక్కపిల్లకు నా మొగని పాణానికి ముడేస్తవా?"

"నేనెయ్యలే. ముడేసింది ఆయనే. వాకిట్లకు పోతే నన్ను చూసి అటు తిరిగిండు."

"అటు తిరిగితే నువ్వు ఇటు రావాల్నా?"

గురువయ్య నన్ను చూసి, "గీయనెవరు?" అన్నాడు.

"పట్నపోళ్లు. గుట్ట చూస్తానికి వచ్చిండ్రు."

"గుట్టను చూస్తరా? ఇంట్ల పనేం లేదా?"

నూలు రాలేదని చెప్పబోయాను గానీ నాలుక ఇంకా కదలలేదు.

లింగమ్మ బతిమాలుతుందని ఎదురు చూశాను. ఆమె నీళ్ల బుర్ర కింద పెట్టి లేచింది. "పొద్దుగూకంగ దిగుతడు. తాడు ఆయన తమ్ముని చేతుల ఉంటది. వస్తే రా, లేకుంటే లేదు. నాకోసం మాత్రం గుడిసె పక్కన జర జాగా సాపు చేసిపెట్టు," అంది.

గురువయ్య చేతిలో కర్ర ఆగింది. మేం తిరిగి దిగాం. దారిలో ఆమె నాకు పండ్లు ఇవ్వలేదు.

పెద్ద బండ

పొద్దు వాలే వేళకు బండ మీద చేరాం. అంచు దగ్గర పడుకుని కిందికి చూస్తే, బండ పొట్ట కింద నల్లటి చేటల్లాంటివి వేలాడుతున్నాయి. అవి పట్లు. నలుపంతా ఈగలే, చిన్నగా అలలు కొడుతోంది. తేనెటీగల జాతుల గురించి నేను చదివినదంతా సత్తయ్యకు చెప్పడం మొదలుపెట్టాను. అతను గొడుగు తెరిచి వెనక్కి నడుస్తూ విన్నాడు.

తాడు అడ్డతీగ నారతో పేనింది. ఒక కొసను చెట్టు మొదలుకు కట్టారు. ఆ కట్టు భద్రానికే, దించేదీ ఆపేదీ మనిషి చేతులే. ఈదన్న తమ్ముడు తాడు నడుముకు చుట్టుకుని నిలబడ్డాడు. పాపం అతను మంచివాడే. అయినా అతను తాడు సర్దుకున్న ప్రతిసారీ లింగమ్మ చూపు అతని చేతుల మీదే ఉంది. ఈదన్న రెండో కొసను మోకులా నడుముకు కట్టుకుని, పొగ కట్ట, బుట్ట, వెదురు గడ తీసుకుని ఒక కాలు అంచు కిందికి వేశాడు. లింగమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు చెట్ల వెనక నుంచి గురువయ్య వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా వెళ్లి ఈదన్న తమ్ముడి నడుము నుంచి తాడు చుట్లు విప్పి తన నడుముకు చుట్టుకున్నాడు, రాతి పగుల్లో మడమ ఆనించాడు. "అక్కా, కుక్క ముచ్చట అట్లనే ఉన్నది. తాడు ముచ్చట వేరే," అన్నాడు. ఈదన్న తాడును రెండుసార్లు లాగి చూసుకుని దిగాడు.

మాటల్లేని ఇద్దరు మగవాళ్లు కలిసి అంత పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. తాడుకు ఈ కొసన ఒకడు, ఆ కొసన ఒకడు, అంచు మీద బోర్లా పడుకుని మధ్యలో లింగమ్మ.

"అక్కా, ఎడమకు జరగమను."

"ఎడమకు జరగమంటున్నడు!"

"ఎడమకు కాలు పెట్ట జాగా లేదని చెప్పు!" కింది నుంచి ఈదన్న.

"జాగా లేదంట తమ్మీ!"

"ఇన్నలే. కండ్లు లేవా అని అడుగు."

"నేను అడుగ. నువ్వే అడుగు!"

"మాట్లాడనని చెప్పిన గద!"

"మాట్లాడడంట!" అని లింగమ్మ కిందికి అరిచింది.

"నాకేం అక్కెర లేదని చెప్పు! జర ఇంకింత దింపుమను!"

ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి బాగానే వినబడుతోంది. అయినా ఆమె ప్రతి మాటా మోసింది.

పొగ లేచింది. మొదటి పట్టు కోసి బుట్టలో వేసుకున్నాడు. రెండోదాని దగ్గర గాలి తిరిగింది. పొగ పక్కకు పోయింది, ఈగలు పైకి లేచాయి. అవి వస్తున్న చప్పుడు, మా సంఘంలో అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆడినట్టుంది. నేను ఈదన్న తమ్ముడి గొంగడిలో దూరాను, అతను కూడా దూరాడు. సత్తయ్య గొడుగు పారేసి పరుగెత్తాడు. ఊళ్లో చెప్పిన ఎలుగుబంట్లు ఎదురైంది ఈ పరుగులోనే అయివుంటుంది, ఎందుకంటే ఆ కాసేపే అతను నా కంటికి కనబడలేదు.

గొంగడి చాటు నుంచి చూశాను. గురువయ్య కదల్లేదు. చేతులు రెండూ తాడు మీదే. ఈగలు మొహం మీద, కనురెప్పల మీద, చెవుల్లో. తోలుకోవడానికి చెయ్యి లేదు. లింగమ్మ మండుతున్న గడ్డి ఊపుతూ అతని చుట్టూ తిరిగింది. ఆమెను కూడా కుట్టాయి, అయినా అరవడం ఆపలేదు.

"అక్కా, లాగాల్నా?"

"ఇంక కోస్తనే ఉన్నడు! పట్టు!"

"కోసుకోమను. నేను పట్టిన."

ఆ తర్వాత అతని పెదవులు ఉబ్బాయి. తాడు మాత్రం ఒక్క జానెడు కూడా జారలేదు. కింద నుంచి మూడు గుంజులు వచ్చాక, ఒక్కో మూరెడు పైకి లాగడం మొదలుపెట్టాడు. మేం లేచి చెయ్యి వేయబోతే, ఉబ్బిన పెదవులతోనే మమ్మల్ని కసిరాడు.

ఈదన్న అంచు ఎక్కాడు. బుట్ట నిండుగా ఉంది, పక్కన పెట్టాడు. నడుము మోకు విప్పుకుని నిలబడ్డాడు. తాడు వదులైనా గురువయ్య పట్టు విడవలేదు. అతని కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి.

"అక్కా, బావ వచ్చిండా?"

లింగమ్మ దగ్గుతోంది. 

"అక్కా! వచ్చిండా?"

ఈదన్న అతని ముందు నిలబడి ఆ మొహం చూస్తున్నాడు. చూసి, చూసి, "వచ్చినరా. తాడిడువు," అన్నాడు.

"నిన్నెవరు అడిగిండ్రు? నేను అక్కను అడిగిన."

ఈదన్న అతని ముందు గొంతుక్కూర్చుని, తాడుకు బిగుసుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటి విప్పసాగాడు. కుడి చెయ్యి తొందరగానే వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

"నొస్తాందారా?"

గురువయ్య మొహం అక్క ఉన్న వైపు తిప్పాడు. "అక్కా, నొస్తలేదని చెప్పు."

లింగమ్మ బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"ఇగ మీరు మీరే మాట్లాడుకోండ్రి. నా గొంతు పోయింది," అని, పెంట వైపు నడిచింది.